మంచంకోడుకి కట్టిన దండలు

డిసెంబరు వచ్చిందంటే పసిఫిక్ సముద్రంలోని మా మంగాయా దీవిలో తురాయి చెట్లు ఎర్రబడతాయి, ఆడవాళ్ళ గొంతులు పెద్దవవుతాయి. తుతాకా దగ్గర పడిందన్నమాట. తుతాకా అంటే ఇంటి చూపులు. క్రిస్మస్‌కి ముందు మహిళా సంఘం వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి, వాకిలి నుంచి వంటపాక దాకా, కిటికీ రెక్క నుంచి మంచం మీద బొంత దాకా అన్నీ చూసి, ఈ ఏడు మొదటి ఇల్లు ఏదో చెప్తారు. అది చెప్పడానికి ఇంత నడక ఎందుకని మగవాళ్ళు నవ్వేవాళ్ళు. ఎందుకంటే మొదటిది ఎప్పుడూ తాపైరుదే.

తాపైరు తెల్లవారగానే సీమపనస చెట్టు కింద కుర్చీ వేయించుకుని కూర్చునేది. మోకాళ్ళు వంగడం మానేసి చాలా కాలమైంది గానీ, కళ్ళు మాత్రం గద్ద కళ్ళు. చూపు ఆవిడది, పని మేరియానాది.

"మూడో సీసా వాలింది."

"వాలలేదవ్వా. నువ్వు తల పక్కకి పెట్టి చూస్తున్నావు."

"నా తల నిటారుగానే ఉంది. సీసా సరిచెయ్."

మేరియానా గొణుక్కుంటూ సీసా పీకి మళ్ళీ పాతేది. బాటకి రెండు పక్కలా ఖాళీ సీసాలు మూతి కిందకి పెట్టి పాతితే, ఎండ పడ్డప్పుడు నేల అంచుకి పచ్చరాళ్ళు పొదిగినట్టుంటుంది. బాట మీద పగడపు గులక. పెద్ద ఆటు తర్వాత పగడపు దిబ్బ అంచున తెల్లటిది ఏరి, ఉప్పు పోయేదాకా వాన నీళ్ళలో కడిగి, ఆరబెట్టి పోయాలి. కడగని గులక పోసిన ఇంట్లో క్రోటన్ మొక్కలు జనవరికే చస్తాయి, మా వీధిలో అలాంటి ఇళ్ళు ఎవరివో అందరికీ తెలుసు, పేర్లు నేను చెప్పను. మాంసం డబ్బాలకి కాగితం గీకేసి సున్నం వేసి, వాటిలో క్రోటన్లు. ఎర్రవి రోడ్డు వైపు, పసుపువి ఇంటి వైపు. వసారా స్తంభాలకి అల్లిన కొబ్బరి మట్టలు. చూరుకి, ఎక్కడి పడవల వలల నుంచో తెగి కొట్టుకొచ్చిన గాజు బుడ్లు. ఇంటి ముందున్న తండ్రి సమాధికి, ఇంటికంటే ముందు, పగడం కాల్చిన సున్నం. కొట్లో అమ్మే మెరుపు కాగితం ఆ గడప దాటిన పాపాన పోలేదు.

"దీవి ఇన్ని ఇస్తుంటే ఆ తళుకులెందుకు? మనమేం సర్కస్ పెడుతున్నామా?" అనేది తాపైరు.

అన్నిటికంటే చివర గుమ్మం దండ. మైరే అనే సువాసన తీగ ఆకులు, విచ్చని గంధరాజం మొగ్గలు, నార. అది మాత్రం తాపైరు తన చేత్తోనే కట్టేది. ఎందుకంటే ఆ ఇంటి సంగతి ఒకటుంది. ఆ ఇంటి మనుషులు కట్టిన పూలు ఆ ఇంట్లో వాడవు. క్రిస్మస్‌కి కట్టినవి, కొత్త సంవత్సరం రోజున దింపి సమాధి మీద వేసేదాకా, కోసినప్పటిలాగే ఉంటాయి. బయటివాళ్ళు కడితే మధ్యాహ్నానికే తల వాల్చేస్తాయి. ఒకసారి పాస్టరు గారి భార్య ముచ్చటపడి ఒక గుత్తి కట్టింది. టీ తాగేలోపే వాడిపోయింది. ఆవిడేం నొచ్చుకోలేదు. మరి ఆవిడ ఆ ఇంటి మనిషి కాదు కదా.

తాపైరుకి పిల్లలు లేరు. మేరియానా పెంపుడు పిల్ల. అనాస తోటల్లో పనికి వేరే దీవి నుంచి వచ్చిన ఒక తల్లి, తిరుగు పడవ ఎక్కే ముందు పసిగుడ్డును తాపైరు ఒళ్ళో పెట్టి వెళ్ళింది. మాలో ఇది మామూలే. పెంచిన ఇల్లే ఇల్లు. కాకపోతే భూమి మాట, ఇంటి మాట వచ్చినప్పుడు నెత్తురు సంగతి ఎత్తేవాళ్ళు ఎప్పుడూ ఒకరుంటారు.

ఇక్కడ ఆ ఒకరు అకైతి. తాపైరు సొంత చెల్లెలు. కాపురం రెండిళ్ళ అవతల.

అక్కచెల్లెళ్ళిద్దరూ మాట్లాడుకోక ఒక తరం దాటింది. తగువు బొంత దగ్గర. మా ఆడవాళ్ళు కుట్టే తివైవై బొంతకి నమూనాయే ప్రాణం. తాపైరు వయసులో ఉన్నప్పుడు పాత పేపరు మడతపెట్టి సీమపనస ఆకు నమూనా ఒకటి కత్తిరించి, పరుపు కింద దాచుకుంది. ఆవిడ గుడ్డ కొనుక్కునేలోపే అదే ఆకు, అదే ఈనె, అకైతి బొంత మీదకొచ్చి చర్చి హాలులో అందరి ముందూ పరుచుకుంది.

"చెట్టు అందరిదీ కదా," అని అకైతి.

"చెట్టు అందరిదీ. కత్తెర నాది," అని తాపైరు.

అంతే. ఆ తర్వాత ఇద్దరూ చర్చిలో ఒకే బల్ల మీద కూర్చున్నారు, ఒకే పాట పాడారు, ఒకరితో ఒకరు మాత్రం పలకలేదు. తప్పనిసరైతే మధ్యలో ఎవరో ఒకరు ఉండాలి. మేరియానాయో, పాస్టరు గారో. ఎవరూ లేకపోతే కోడిపెట్టతో చెప్పుకునేవాళ్ళు.

ఆ ఏడు తుతాకాకి వారం ముందు, మేరియానా గులక పోస్తుంటే "అలా కాదే, చేట జాడించినట్టు జాడించాలి" అంటూ తాపైరు కుర్చీ లోంచి లేచింది. మడమ కింద గులక జారింది. కుడి మణికట్టు విరిగింది. నర్సు చెక్క పెట్టి కట్టు కట్టింది.

ఆ కట్టు పాతబడకముందే అకైతి వచ్చింది. ఆ ఏటి ఇంటి చూపులకి ఆవిడే పెద్ద, అదీ మొదటిసారి. వెనకాల కొడుకు మతాయో, చేతిలో చేమదుంపల మోపు. మతాయో మంచివాడే. పెద్ద ఒళ్ళు, పెద్ద నవ్వు. అమ్మ ముందు మాత్రం చిన్న గొంతు.

అకైతి బాట మొదట్లోనే ఆగింది.

"మేరియానా, చెయ్యెలా ఉందని అడిగానని మీ అవ్వకి చెప్పు."

తాపైరు అక్కడే, బారెడు దూరంలో ఉంది.

"చేతికేం, చెయ్యిలాగే ఉందని చెప్పు."

"మరి ఈసారి గుమ్మం దండ ఎవరు కడతారని అడుగు."

"ఆవిడకెందుకో అడుగు."

"మా మతాయో కడతాడని చెప్పు. మా నాన్నకి మనవడు వాడు. ఈ ఇంటి నెత్తురు."

"అయ్యో, నన్నేదైనా చెప్పనిస్తారా ఇద్దరూ?" అంది మేరియానా. "కూలి కూడా లేకుండా మోస్తున్నాను మీ మాటలు."

మతాయో నవ్వబోయి, తల్లి మొహం చూసి దగ్గాడు.

దీని వెనక సంగతి నలుగురికీ తెలుసు. కొత్త సంవత్సరం వెళ్ళగానే కుటుంబం అంతా కూర్చుని, తాపైరు తర్వాత ఆ ఇల్లు ఎవరిదో తేల్చాలనుకున్నారు. మాలో గుమ్మానికి దండ కట్టేవాళ్ళదే ఇల్లు. మతాయో పూలు నిలిస్తే ఇల్లు మతాయోది. ముందు గదిలో కిరసనాయిలు, పంచదార అమ్మే కొట్టు పెడదామని అకైతి ఎప్పటినుంచో అంటోంది. మేరియానాకి ఇక ఉండేది పెద్ద దీవి రరోటోంగాకి పోయే పడవ, అక్కడ హోటళ్ళలో దుప్పట్లు ఉతికే పని.

వాళ్ళు వెళ్ళాక మేరియానా డబ్బాకి సున్నం పూస్తూ, తల ఎత్తకుండా అంది. "నేను కడతానవ్వా."

"నువ్వు కట్టకూడదు."

"ఎందుకు?"

"పెంపుడు పిల్ల గుమ్మానికి కట్టదు. చిన్నప్పుడే చెప్పాను కదే."

అలాంటి నియమం మా ఊళ్ళో ఏ ఇంట్లోనూ లేదు. ఆ పిల్ల మొదటిసారి బుల్లి గుప్పెట్లో మొగ్గలు పట్టుకుని "నేనూ కడతా" అని వచ్చినప్పుడు, తాపైరు అప్పటికప్పుడు పుట్టించింది. కడితే? మధ్యాహ్నానికి ఆ మొగ్గలు వాడితే? ఊరంతా చూస్తుంది. ఊరి సంగతి అలా ఉంచండి, తాపైరు తన కళ్ళతో తను చూడాలి. కట్టనంతకాలం ఆ పిల్ల ఆవిడదే.

"సరే అయితే," అంది మేరియానా. ఆ పిల్ల పౌరుషం ఎక్కడిదో వేరే చెప్పక్కర్లేదు, ఒకే గిన్నెలో తిన్నారు ఇద్దరూ. "పడవ ఎప్పుడో కనుక్కుంటాను. ఎర్రవి రోడ్డు వైపు, పసుపువి ఇంటి వైపు. మరిచిపోలేదులే, అలా చూడకు."

ఇంటి చూపుల రోజు పొద్దున్నే మతాయో దండ తెచ్చాడు. తాపైరు దాన్ని కుర్చీలోంచే పైనుంచి కిందకి చూసింది.

"మొగ్గలేవిరా?"

"పూలే కదా పెద్దమ్మా, విచ్చుకున్నవైతే నిండుగా ఉంటాయని..."

"నారేది?"

"చేపలు పట్టే దారం. తెగదు."

"గుమ్మానికి పూలు కడుతున్నావా, సొరచేపకి గాలం వేస్తున్నావా?"

మతాయో స్టూలెక్కితే అది కిర్రుమని ఒక కాలు సడలింది. ఎలాగో కట్టి దిగాడు. తాపైరు కుర్చీ గుమ్మానికి ఎదురుగా తిప్పించుకుని కూర్చుంది.

సంఘం వాళ్ళు ఊరి ఆ చివర మొదలుపెట్టి, ఎండ నడినెత్తికి వచ్చేసరికి తాపైరు వాకిట్లోకి వచ్చారు. అందరూ తెల్ల బట్టల్లో, తలమీద కొబ్బరి ఈనెల టోపీలు. వెనక సగం ఊరు. మేరియానా కొబ్బరి బోండాలు, అరటిపండుతో వండిన తియ్యటి పోకె ముక్కలు తెచ్చి పెట్టింది. సీసాలు వెలిగిపోతున్నాయి. గులక కళ్ళు చెదిరేలా ఉంది. "అబ్బ, ఈ ఇల్లే వేరు," అంది ఎవరో. తాపైరు విననట్టు కూర్చుని, రెండోసారి అంటారేమోనని ఆగింది.

అప్పుడే ఒక గంధరాజం రేకు, అంచు గోధుమరంగు తిరిగి, అకైతి టోపీ మీద రాలింది.

అందరూ పైకి చూశారు. దండంతా వేలాడిపోయింది. ఉడికించిన ఆకుకూరలా ఉంది.

"ఎండ పెద్దమ్మా," అన్నాడు మతాయో.

"రోడ్డు పక్క మందారాలకి లేని ఎండ నీ పూలకే వచ్చిందట్రా?"

అకైతి టోపీ మీది రేకు తీసి, పారెయ్యకుండా జేబులో పెట్టుకుంది. మొహంలో ఏమీ కనిపించనివ్వలేదు.

"మేరియానా, మీ అవ్వకి చెప్పు. నా కొడుకు పూలు వాడాయి. నాకు కళ్ళున్నాయి, చూశాను. ఇక నిన్ను కట్టమని చెప్పమను. ఊరంతా ఇక్కడే ఉంది కదా."

"కట్టదని చెప్పు."

"భయమా అని అడుగు."

"భయాన్ని నిన్ననే ఊడ్చేశామని చెప్పు. దొడ్లో చెత్తకుప్ప ఉంది, వెళ్ళి వెతుక్కోమను."

ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. కానీ తాపైరు ఎడమ చెయ్యి కుర్చీ చేతిని ఎంత గట్టిగా పట్టుకుందో దగ్గరున్నవాళ్ళు చూశారు.

"సరే," అంది అకైతి. "ఎవరి పూలూ నిలవకపోతే ఇక మాట్లాడుకోవడానికి నెత్తురు ఒకటే మిగిలింది. అది మీటింగులో చూసుకుందాం." చెప్పులు విడిచి లోపలికి నడిచింది.

ఆవిడ చూపు కూడా అక్క చూపే. కిటికీ అంచుల మీద వేలు రాసింది. దీపం గ్లాసు ఎత్తి వెలుతురుకి పెట్టింది. తలుపు వెనక చూసింది. ఎక్కడా ఏమీ దొరకలేదు. చివరికి మేరియానా గదిలోకి వెళ్ళి, అక్కడ ఆగిపోయింది.

మంచం మీద సీమపనస ఆకు బొంత పరిచి ఉంది. తాపైరు ఆ తర్వాత తనూ కుట్టుకున్న బొంత అది. ఏటా ఇంటి చూపులకి దాన్ని మేరియానా మంచం మీదే పరిచేది. అకైతి దాన్ని ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదలు. మాలో ఇంకొకరి బొంతని చేతులు వెనక్కి కట్టుకుని చూడాలి. తాకకూడదు. అకైతి చేతులు వెనక్కే కట్టుకుంది. కాసేపు అలాగే నిలబడింది. కానీ కుట్టు మంచిదో కాదో వెనక వైపు చూస్తేనే తెలుస్తుంది. ఇన్నేళ్ళుగా తను తెలుసుకోవాలనుకున్నది అదొక్కటే. చుట్టూ చూసి, నేల దాకా వేలాడుతున్న బొంత అంచు పట్టుకుని పైకి తిప్పింది.

మంచం కింద నుంచి గుప్పుమని వాసన వచ్చింది.

"మేరియానా!"

ఆ కేకకి వసారాలో వాళ్ళంతా గుమ్మం దగ్గరికి వచ్చేశారు. తాపైరు కర్ర పొడుచుకుంటూ అందరినీ తప్పించుకుని లోపలికి వచ్చింది.

మంచంకోడుకి, నేల నుంచి పట్టె దాకా, దండ మీద దండ. అడుగున ఉన్నవి పసిపిల్ల చేతివి, నాలుగు మొగ్గలు, ఏదో గడ్డి, వంకర ముడి. పైకి వచ్చేకొద్దీ మైరే ఆకులు వరుసలో పడ్డాయి, మొగ్గలు ఒక్క తీరుకి వచ్చాయి. అడుగుదీ పైదీ అని లేకుండా అన్నీ తెల్లగా, బిగువుగా, ఈ పొద్దున కోసినట్టు ఉన్నాయి. ఆ గదిలో గంధరాజం వాసన ఎప్పుడూ ఉండేదే. తాపైరు అది కిటికీ అవతలి పొదదనుకునేది. వంగి చూద్దామంటే మోకాళ్ళు ఒప్పుకోవు.

"అడుగుది ఎప్పటిది?" అడిగింది అకైతి.

"నాకు పాలపళ్ళు ఊడేటప్పటిది," అంది మేరియానా. మొహం ఎర్రబడింది. "ప్రతి ఏడూ అవ్వ దండ కట్టాక మొగ్గలు మిగిలేవి."

తాపైరు కర్ర నేలకి తాటించింది. "కట్టొద్దని నీకు చెప్పానా లేదా?"

"గుమ్మానికి కట్టొద్దన్నావు. మంచంకోడు గుమ్మం కాదు కదవ్వా."

"మరి నాతో ఎందుకు చెప్పలేదే?"

"కొత్త సంవత్సరం రోజు దింపెయ్యమంటావని."

నిజమే. గుమ్మం దండని ఏటా లెక్కప్రకారం దింపేస్తారు. ఆ ఇంట్లో పూలు ఎంతకాలం బతుకుతాయో చూద్దామని ఎవరూ ఎప్పుడూ ఆగలేదు.

తాపైరు కర్ర కొసతో అడుగు దండని కదిపి చూసింది. తర్వాత దాని పైదాన్ని. ఒక్కొక్కటీ చూసుకుంటూ పట్టె దాకా వచ్చింది.

"అడుగుది ముడి తప్పు. దాని పైదీ తప్పు. ఎడమ కొస పైకి రావాలి. ఇదిగో, ఇక్కడి నుంచి ఒప్పు." అప్పుడు ఆవిడ వెనక్కి తిరిగింది. గుమ్మంలో ఇరుక్కుని చూస్తున్న ఊరిని చూసింది. నడుము నిటారుగా పెట్టింది. "అందరూ చూశారుగా? వెనకున్నవాళ్ళకి కనిపించకపోతే ముందుకొచ్చి చూడండి. తొందరేం లేదు."

అందరూ ఒక్కొక్కరే వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, వంగి చూసి వెళ్ళారు. మతాయో కూడా వంగి చూశాడు. "మావి బజ్జీలయ్యాయి, నీవి బతికున్నాయి," అన్నాడు మేరియానాతో, నిజంగా సంతోషంగానే.

"వెళ్ళి మొగ్గలు కోసుకురా. గుమ్మానికి," అంది తాపైరు.

"పెంపుడు పిల్ల కట్టకూడదన్నావు?"

"అది చిన్నపిల్లలకి చెప్పిన మాట. స్టూలు మీద నుంచి పడతారని. ఇప్పుడు నువ్వు పొడుగయ్యావు."

మేరియానా వాడిన దండ విప్పి మతాయో చేతిలో పెట్టింది. కొత్త మొగ్గలు, మైరే, నార తీసుకుని స్టూలెక్కింది. పొద్దున మతాయో బరువుకి సడలిన కాలు గడగడలాడింది. తాపైరు పట్టుకోబోయింది. ఉన్నది ఒక్క చెయ్యి, అది కర్ర మీద ఉంది. పక్కకి చూసింది.

"అకైతీ."

వాకిట్లో బోండాం తాగుతున్నవాళ్ళు తాగడం ఆపేశారు.

"అలా చేతులు వెనక్కి పెట్టుకుని చూస్తావేం? స్టూలు పట్టుకో. పిల్ల పడిందంటే నిన్నే అంటాను."

అకైతి అలవాటు కొద్దీ మేరియానా వైపు తిరిగింది. "మీ అవ్వకి చెప్పు..." అని ఆగిపోయింది. టోపీ తీసి కింద పెట్టి, గులక మీద మోకాళ్ళూని, స్టూలు రెండు చేతులతో పట్టుకుంది.

"పట్టుకున్నానక్కా."

"గట్టిగా."

"గట్టిగానే. నీ బొంత వెనక కుట్టు చూశాను."

"ఊఁ?"

"బాగుంది."

"తెలుసు," అంది తాపైరు.

ఆ ఏడు మొదటి బహుమతి తాపైరుకి రాలేదు. మంచం కింద ఏ వస్తువూ ఉండకూడదని సంఘం నియమం, పూలైనా సరే, అని అకైతి రెండో స్థానం ఇచ్చింది. నియమం నియమమే, నేనూ కాదనను. తాపైరు మాత్రం ఈ రోజుకీ అది క్షమించలేదు. ఇదివరకు కోడిపెట్టతో చెప్పి తిట్టేది, ఇప్పుడు చెల్లెలి మొహం మీదే తిడుతోంది. బయట చర్చి మెట్ల మీద ఎవరైనా కదిపితే మాత్రం ఇంకో రకంగా చెప్తుంది. "మాకీసారి రెండోది. ఏం చేస్తాం, ఇంట్లో పూలు ఎక్కువైపోయాయి."

కుటుంబం కూర్చున్న రోజు నెత్తురు మాట ఎవరూ ఎత్తలేదు. కొట్టు రోడ్డు పక్కనైతేనే బేరం బాగుంటుందని మతాయో ముందే అనేశాడు. అకైతి కాదనలేదు. తాగవలసిన టీ తాగి లేచారు. ఇల్లు మేరియానాది. రరోటోంగా పడవ వచ్చి, అనాసలు, చేమదుంపలు ఎక్కించుకుని, ఆ పిల్ల లేకుండానే వెళ్ళిపోయింది.

అంతకుముందు, కొత్త సంవత్సరం రోజు పొద్దున, మేరియానా స్టూలు తెచ్చి గుమ్మం కింద వేసి ఎక్కింది. కాలికి కొత్త మేకు కొట్టి ఉంది.

"దేనికే అది?" సీమపనస చెట్టు కింద నుంచి తాపైరు కేకేసింది.

"దండ దింపాలి కదవ్వా. కొత్త సంవత్సరం."

తాపైరు గుమ్మం వైపు చూసింది. గంధరాజం మొగ్గలు అలాగే బిగువుగా ఉన్నాయి. మైరే ఆకులు మెరుస్తున్నాయి. ముడికి ఎడమ కొస పైకే ఉంది.

"దాన్ని ముట్టుకోకు," అంది. "నువ్వు దిగి రా. మూడో సీసా వాలింది."